పాత యింటికి క్రొత్త వెల

నెల్లూరు నగరమునకు దక్షిణముగా, మదరాసు కలకత్తా నగరములను కలుపు జాతీయ రహదారి ప్రక్కను, కృష్ణపట్నము రేవునకు పోవు రైలుమార్గము ప్రధాన మార్గము నుండి చీలిపోవు చోట నెలకొనియున్న వెంకటాచలము, ఒక తరము క్రిందటి వరకును వరిచేలకును చెరువులకును ఆలవాలమైన పల్లెసీమగనే యుండెను. 2008వ సంవత్సరమున కృష్ణపట్నము రేవు ప్రారంభమైనది. కాకుటూరున విక్రమ సింహపురి విశ్వవిద్యాలయము వెలసినది. 2017లో నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ యేర్పడినది. 2019లో ఓబులవారిపల్లె నుండి కొండలను తొలుచుకొని వచ్చిన క్రొత్త రైలుమార్గము ఈ యూరిని రాయలసీమతో ముడివేసినది. ఇన్ని మార్పుల ఫలితముగా, ఎకరముల లెక్కన బేరమాడిన నేలనే నేడు అంకణముల లెక్కన బేరమాడుచున్నారు.

ఈ యభ్యుదయమును చూచి సంతోషింపని వారుండరు. ఐనను, ముప్పది నలువది యేండ్ల క్రిందట కష్టార్జితముతో నాలుగు గదుల యిల్లు కట్టుకొని, అందే పిల్లలను పెంచి, అందే వారి పెండ్లిండ్లు చేసి, ఇప్పుడు స్వల్పమైన పింఛనుతోనో, కౌలుకిచ్చిన రెండెకరముల పైరుమీది రాబడితోనో కాలము గడుపుచున్న వృద్ధ దంపతుల దిక్కునుండి ఈ మార్పును ఒక్కసారి పరికింపవలసియున్నది. వారి యింటికి క్రొత్తగా ఒక గది చేరలేదు. గోడ యెత్తు పెరుగలేదు. వారి రాబడియు పెరుగలేదు. పెరిగినది ఆ యింటి వెల యొక్కటియే. ఆ వెల అమ్ముకొనువానికి లాభము, ఉండువానికి భారము. ఏలయన, స్థానిక ప్రభుత్వము విధించు ఇంటిపన్ను ఆ వెలను అనుసరించి పోవుచుండ, దానిని చెల్లింపవలసిన చేయి మాత్రము నాటి రాబడి యొద్దనే నిలిచియుండును. ఇట్టి చిరకాల గృహస్థులకు పన్నులో ఉపశమనము కలిగించుట న్యాయమా, న్యాయమైనచో ఏ విధముగా కలిగింపవలెను అను ప్రశ్న నేడు మన గ్రామములకును పట్టణములకును గూడ ముఖ్యమైనది.

ముందుగా ఒక మాట స్పష్టము చేయవలెను. ఇంటిపన్ను అన్యాయమైన పన్ను కాదు. వీధిదీపము వెలుగుటకును, కాలువ పూడిక తీయుటకును, కొళాయిలో నీరు వచ్చుటకును, వానకాలమున దోమలు ప్రబలకుండ మందు చల్లుటకును పంచాయతీకి స్వంతముగా చేతనుండు ధనములో ముఖ్యమైనది ఇదియే. 1994వ సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము ఇంటిపన్ను విధించు అధికారమును గ్రామ పంచాయతీకి దత్తము చేసినది. ఇంటికి రాదగిన వార్షిక అద్దె విలువను గాని, ఇంటి మూలధన విలువను గాని ఆధారముగా గ్రహించి, ప్రభుత్వము నిర్ణయించిన కనిష్ఠ గరిష్ఠ పరిమితుల నడుమ పంచాయతీ రేటును నిశ్చయించుకొనవచ్చును. పన్ను ప్రతి సంవత్సరమును విధింపబడును. ఆ బాకీ ఇంటిపై మొదటి భారముగా నిలుచును. తుది మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెనని ప్రార్థన. దానితో ముందు పని యున్నది.

పల్లెటూరి పాత గృహస్థునకు ఇంటిపన్నుతో గల సంబంధము పట్టణవాసి సంబంధమువంటిది కాదు. గ్రామకంఠములో తాతముత్తాతల నాటినుండి నిలిచిన యిండ్లకు దస్తావేజులు అరుదు. అట్టివారికి బీరువాలో భద్రముగా దాచుకొన్న పంచాయతీ రశీదుల కట్టయే ఆ యింటితో తమకు గల అనుబంధమునకు సాక్ష్యము. రశీదు మాత్రముచేత హక్కు సిద్ధింపదన్నది న్యాయశాస్త్ర సంప్రదాయమే యైనను, బ్యాంకు అప్పునకు గాని, విద్యుత్తు కనెక్షనుకు గాని, వారసుల నడుమ వివాదము వచ్చినపుడు గాని వారు ముందుగా చూపునది ఆ కట్టనే. 2020 ఏప్రిల్ 24వ తేదీన కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన స్వామిత్వ పథకము డ్రోనులతో ఇండ్ల స్థలములను కొలిపించి గృహస్థులకు ఆస్తి కార్డులు ఇచ్చుటకు ఉద్దేశింపబడినది. పంచాయతీలు ఆస్తిపన్నును సక్రమముగా మదింపు చేసికొనుటకు ఆధారము సమకూర్చుటయు దాని లక్ష్యములలో ఒకటి. హక్కుపత్రము వచ్చుట మేలే. కాని కొలతతో పాటు మదింపు వచ్చును, మదింపుతో పాటు వెల వచ్చును. కావున హక్కును చేతికిచ్చు నాడే ఉపశమనమును గూర్చియు ఆలోచించుట యుక్తము.

ఇంటిపై పన్ను వేసినపుడెల్ల జనులు నివాసము, న్యాయము అను రెంటిని కలిపియే మాటాడినారని మన చరిత్ర చెప్పుచున్నది. 1810లో ఈస్టిండియా కంపెనీ కాశీ నగరమున ఇంటిపన్ను విధింపగా, పురజనులు అంగళ్లు మూసి, పనులు మాని, బహిరంగ స్థలమున వేలకొలదిగా కూర్చుండి ధర్నా చేసిరి; తుదకు కంపెనీ ఆ పన్నును ఉపసంహరించుకొనెను. మదరాసు రాజధానిలో 1884వ సంవత్సరపు చట్టములు పురపాలక సంఘములను, స్థానిక బోర్డులను స్థిరపరచి ఇంటిపన్నును వాటి ఆదాయములలో చేర్చినవి.

ఐనను తెలుగువారి హృదయములలో ఈ విషయమున చిరస్థాయిగా నిలిచినది చీరాల పేరాల ఉద్యమమే. అంతవరకు యూనియనుగా నుండిన ఆ రెండు గ్రామములను కలిపి ప్రభుత్వము మునిసిపాలిటీగా మార్చగా, ఏటికి సుమారు 4,000 రూపాయలుగా నున్న పన్ను 40,000 రూపాయలకు చేరుకొనెను. నేతపనిపై బ్రతుకు వెళ్లబుచ్చు ఆ యూరివారికి, పేరు మారుటచేత రాబడి పదింతలు కాలేదు. 1921 ఏప్రిల్‌లో గాంధీజీ చీరాల వచ్చినపుడు, అహింసాయుతముగా పన్ను నిరాకరించుట, ఊరినే విడిచిపోవుట అను రెండు మార్గములను సూచింపగా, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ప్రజలు రెండవ మార్గమును వరించిరి. ఇంచుమించు 15,000 జనాభాలో 13,000 మంది స్వగృహములకు తాళములు వేసి, ఊరి వెలుపల పాకలు వేసికొని, ఆ తావునకు రామనగరమని పేరిడి, సుమారు పదునొకండు నెలలు ఎండవానల కోర్చి నివసించిరి. గోపాలకృష్ణయ్యగారు కారాగారమునకు పోయిన పిదప ఉద్యమము సడలిపోయినను, అది నేర్పిన పాఠము సడలలేదు. పన్ను హెచ్చునపుడు దానికి సాటియగు శక్తి చెల్లించువానికి కలదా అని పాలకులు అడుగనిచో, ఇల్లే మనుష్యుని ఇంటినుండి వెడలగొట్టును. నాడు వేలమంది ఒక్కసారి వెడలిరి గనుక లోకము చూచినది. నేడు వృద్ధులొక్కరొక్కరుగా ఇండ్లు అమ్ముకొని పోయినచో చూచువారెవ్వరు?

తరువాతి కాలపు శాసనములు ఈ పాఠమును పూర్తిగా విస్మరించినవని చెప్పరాదు. 1965వ సంవత్సరపు పురపాలక చట్టము క్రింద వార్షిక అద్దె విలువనుబట్టి పన్ను కట్టిన దినములలో రెండు దయలుండెను. కట్టడము వయస్సునుబట్టి అద్దె విలువలో తగ్గింపు నిచ్చుట మొదటిది. 25 ఏండ్ల లోపుదానికి 10 శాతము, 25 నుండి 40 ఏండ్ల దానికి 20 శాతము, అంతకు మించినదానికి 30 శాతము తీసివేయుచుండిరి. యజమాని తానే నివసించు ఇంటికి, ఈ వయస్సు తగ్గింపుతో కలిపి, 40 శాతము మినహాయించుట రెండవది. అద్దెకిచ్చి ఫలము అనుభవించువానికిని, తల దాచుకొనువానికిని భేదము కలదని ఆ నియమము గుర్తించినది. ఒక లోపము మాత్రము మిగిలినది. ఆ తగ్గింపు ఇటుకల వయస్సును లెక్కించినది గాని, ఆ ఇటుకల నడుమ బ్రతికినవారి కాలమును లెక్కింపలేదు. అరువదేండ్ల మేడను నిన్న కొన్నవానికిని, అందే పుట్టి పెరిగినవానికిని ఒకే లెక్క.

2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పురపాలక చట్టములను సవరించి, 2021 ఏప్రిల్ 1వ తేదీ నుండి పట్టణములలో అద్దె విలువకు బదులుగా మూలధన విలువను పన్నునకు ఆధారము చేసినది. కోవిడ్ కష్టకాలమున రాష్ట్రములకు అదనముగా అప్పు తెచ్చుకొను అనుమతి నిచ్చుచు కేంద్రము విధించిన షరతులలో, ఆస్తిపన్నును స్థిరాస్తి రిజిస్ట్రేషను విలువలకు అనుగుణముగా నుంచవలెననునది యొకటి. ఆ షరతును ముందుగా నెరవేర్చిన రాష్ట్రములలో మనది చేరినది. నివాస గృహములకు మూలధన విలువపై 0.10 నుండి 0.50 శాతము వరకు పన్ను రేటు నిర్ణయింపబడెను. యజమాని స్వయముగా నివసించునట్టి, 375 చదరపు అడుగులకు మించని ఇంటికి ఏటికి 50 రూపాయలు మాత్రమే. క్రొత్త లెక్కచేత పన్ను ఒక్కుమ్మడిగా పెరుగకుండ, ముందటి యేటిపై పెంపు 15 శాతమునకు మించరాదని ఒక అడ్డుకట్ట యేర్పరచిరి.

ఈ అడ్డుకట్ట ఎంతవరకు రక్షించునో కాగితముపై లెక్క వేసికొని చూచుట మంచిది. ఏటికి 1,000 రూపాయలు చెల్లించు గృహస్థునకు, క్రొత్త విలువను అందుకొను వరకు ఏటేట 15 శాతము చొప్పున హెచ్చినచో, అయిదవ యేటి పెంపుతో అది 2,011 రూపాయలగును. పదవ యేటి పెంపుతో 4,046 రూపాయలగును. అనగా అయిదేండ్లలో రెండింతలు, పదేండ్లలో నాలుగింతలు. అదే కాలమున ఏ పింఛను నాలుగింతలైనది? ఏ మడి చెక్కపై కౌలు నాలుగింతలైనది? ఈ నియమము దెబ్బను నెమ్మదిగా తగులునట్లు చేయునే కాని తప్పింపదు. పైగా ఆధారము రిజిస్ట్రేషను విలువ యగుటచేత, ఆ విలువను ప్రభుత్వము సవరించినపుడెల్ల చేరవలసిన గమ్యమే ముందునకు జరుగును.

వెంకటాచలము నేటికిని గ్రామ పంచాయతీయే గనుక ఈ పట్టణ నియమము ఇచ్చటి యిండ్లకు వర్తింపదు. కాని నగరపు అంచుననున్న గ్రామములు ఎంతకాలము గ్రామములుగా నుండును? నెల్లూరు పురపాలక సంఘము 1866లో ఏర్పడినది. 2004లో నగరపాలక సంస్థయైనది. దాని పొలిమేరలు పెరుగుచునే యున్నవి, చుట్టుప్రక్కల గ్రామములు అందు విలీనమగుచునే యున్నవి. కావున పట్టణపు పన్ను న్యాయము నేడు పల్లెవారికిని తమ రేపటి విషయమే.

ఇప్పుడు అమలులోనున్న ఉపశమనములను పరిశీలించినచో అవి మూడు తెగలుగా కనబడును. ఇంటి పరిమాణమును చూచునది మొదటి తెగ. పైన చెప్పిన 50 రూపాయల పన్ను అట్టిదే. 2019 చట్టము ననుసరించి తెలంగాణ పురపాలికలలో 75 చదరపు గజములకు మించని స్థలములోని చిన్న యింటికి ఏటికి 100 రూపాయలుగా నిర్ణయించిన పన్నును అట్టిదే. కాలమును చూచునది రెండవ తెగ. ఏప్రిల్ 30వ తేదీలోగా సంవత్సరపు పన్నంతయు ఒక్కసారి చెల్లించిన పట్టణవాసికి 5 శాతము తగ్గింపు. ఆలస్యము చేసిన వారికి నెలకు 2 శాతము వడ్డీ, పిదప నెప్పుడో ఆ వడ్డీలో మాఫీ. 2025 మార్చి నెలాఖరున ఆంధ్రప్రదేశ్‌లో పాత బకాయిలు చెల్లించువారికి సగము వడ్డీ మాఫీ చేసిరి. మనుష్యుని హోదాను చూచునది మూడవ తెగ. 2025 మే నెలలో, గ్రామ పంచాయతీల పరిధిలో సైనికుల గృహములకు ఆస్తిపన్ను మినహాయింతుమని పంచాయతీరాజ్ శాఖను నిర్వహించు ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ ప్రకటించిరి.

ఇవన్నియు ఆదరణీయములే. ఐనను వడ్డీ మాఫీ బకాయి పెట్టినవానికి దక్కును గాని, మందులు మానుకొని యైనను గడువులోగా పన్ను కట్టిన వృద్ధురాలికి దక్కదు. పరిమాణపు లెక్క 375 అడుగుల యింటిని కాపాడును గాని, నలువదేండ్ల క్రిందట చౌకనేలపై కట్టిన 600 అడుగుల పెంకుటింటిని కాపాడదు. ఒకే యింట దీర్ఘకాలము నివసించుట అను గుణమునకు ఈ మూడు తెగలలో దేనియందును చోటు లేదు.

ఆ గుణమునకు చోటిచ్చిన దేశములు కలవు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున 1978 జూన్ 6వ తేదీన ప్రజలు స్వయముగా వోటు వేసి పదమూడవ ప్రతిపాదనమను శాసనము చేసికొనిరి. దాని ప్రకారము ఇంటి విలువపై మూలపన్ను 1 శాతమునకు మించరాదు. ఇల్లు చేతులు మారనంతవరకు పన్ను కొరకు లెక్కించు విలువ ఏటికి 2 శాతమునకు మించి పెరుగరాదు. అమ్మకము జరిగిననాడు మాత్రము నాటి వెలకు మార్చబడును. మన 1,000 రూపాయలు ఆ లెక్కన పదేండ్లకు 1,219 రూపాయలు మాత్రమే యగును. దీనివలన వృద్ధులు తమ యిండ్లలో నిశ్చింతగా నిలువగలిగిరి. దాని దోషమును ఫ్రీమాంటు వంటి ఊళ్లలో ఇల్లు కొనుక్కొన్న మన తెలుగు ఇంజనీరులే చెప్పగలరు. ఒకే వీధిలో, ఒకే తీరు ఇంటికి, నలువదేండ్ల క్రిందట కొన్న పొరుగువాడు చెల్లించుదానికంటె నిన్న కొన్నవాడు అనేకరెట్లు చెల్లించవలసి వచ్చుచున్నది. ఈ యసమత సుప్రీంకోర్టు వరకు పోగా, 1992లో ఆ న్యాయస్థానము శాసనమును సమర్థించి, పేటల స్థిరత్వమును కాపాడుట ధర్మబద్ధమైన ప్రయోజనమే యనియు, పాత యజమాని పెట్టుకొన్న నమ్మకము రక్షింపదగినదే యనియు తలచెను.

ఇంగ్లండు మరియొక త్రోవ త్రొక్కినది. అచ్చటి కౌన్సిల్ పన్నునకు ఇండ్లను 1991 నాటి విలువలనుబట్టియే నేటికిని తరగతులుగా విభజించుచున్నారు. విలువను అందరికిని స్తంభింపజేయుట సులభమే. కాని అంతకంతకు ఆ విలువలకును లోకమునకును సంబంధము తెగిపోవును. అందరికిని ఒకే తీరున ఇచ్చిన ఉపశమనము అవసరము లేనివారికి గూడ అందును గనుక, ఫిలడెల్ఫియా నగరము ఇంకను సూక్ష్మముగా ఆలోచించి, పదేండ్లకు తక్కువకాక స్వగృహమున నివసించి, ఆదాయము పరిమితముగా నుండి, మదింపు విలువ హఠాత్తుగా పెరిగిన గృహస్థులకు మాత్రమే ఉపశమనము వర్తించునట్లు ఏర్పాటు చేసికొనెను. టెక్సస్ వంటి రాష్ట్రములలో 65 ఏండ్లు నిండిన గృహస్థు తన జీవితకాలమున పన్నును వాయిదా వేసికొనవచ్చును. ఇల్లు ఇతరుల పరమైనపుడు ఆ బాకీ వడ్డీతో వసూలగును.

ఈ యనుభవములనుండి మనకు పనికివచ్చునది ఏరుకొనవలెను. నా మనవి నాలుగు మాటలుగా చెప్పెదను. మొదటిది: ఒకే యింట ఇరువదేండ్లకు పైగా స్వయముగా నివసించుచున్న గృహస్థునకు, ఆదాయము పరిమితమైనపుడు, ఏటి పెంపు 15 శాతము గాక సాధారణ ధరల పెరుగుదలకు మించకుండవలెను. రెండవది: ఈ రక్షణ నివాసమునకే గాని ఆస్తికి కారాదు, ముందు భాగమున అంగడి కట్టి అద్దెకిచ్చినచో ఆ భాగమునకు పూర్తి పన్నును, ఇల్లు అమ్మిననాడు పూర్తి విలువను వర్తింపవలెను. మూడవది: వృద్ధులకును, వితంతువులకును వాయిదా సౌకర్యము కలుగవలెను. ఇంటిపన్ను బాకీ ఇంటిపై మొదటి భారమని చట్టమే చెప్పుచుండ, పంచాయతీ సొమ్ము ఎక్కడికిని పోదు. రిజిస్ట్రేషను నాడో, వారసుల పేర మార్చునాడో అది తప్పక చేతికి వచ్చును. అట్టి నిశ్చయమైన బాకీపై నెలకు 2 శాతపు వడ్డీ వలె కఠినమైనది అనవసరము. నాలుగవది: ఈ ఉపశమనమువలన స్థానిక సంస్థకు తరుగు సొమ్మును రాష్ట్ర ప్రభుత్వము పూరింపవలెను. రేవు వచ్చినందునను, రహదారి విస్తరించినందునను పెరిగిన వెలలో రిజిస్ట్రేషను రుసుముల రూపమున అధికభాగము ప్రభుత్వమునకే చేరుచున్నది గదా! పెరుగుదల ఫలమును ఒకరు గ్రహించి, దాని నష్టమును వీధిదీపములు వెలిగించు పంచాయతీపై త్రోయుట తగదు.

చట్టము మారు వరకు గృహస్థులు ఊరకుండనక్కరలేదు. డిమాండు నోటీసు వచ్చినపుడు అందులోని విస్తీర్ణము, కట్టడపు తరగతి, వినియోగము, యజమాని నివాసమా అద్దెయా అను వివరములు సరిగా నున్నవో లేవో చదువుకొనవలెను; పెంకుటిల్లు స్లాబు ఇల్లుగా వ్రాయబడినచో ఆ తప్పు ప్రతి సంవత్సరమును చెల్లించువాని మెడకే చుట్టుకొనును. తప్పున్నచో నోటీసులో చూపిన గడువులోగా వ్రాతపూర్వకముగా ఆక్షేపణ దాఖలు చేసి దానికి రశీదు పుచ్చుకొనవలెను. గతించిన తండ్రి పేరనో తాత పేరనో సాగుచున్న పన్నును వారసులు తమ పేరునకు మార్పించుకొనవలెను. నివాసకాలమునుబట్టి ఉపశమనము రేపు వచ్చినచో, ఆ కాలమును నిరూపించుటకు పేరు మార్పు పత్రములును, పాత రశీదులును ఆధారమగును. అన్నిటికంటె ముఖ్యముగా గ్రామసభకు పోవలెను. రేటును నిశ్చయించు అధికారమును చట్టము పంచాయతీకే యిచ్చినది. అడుగు నోరు లేనిచోట ఆ అధికారము గుమాస్తా లెక్కగా మిగులును.

ఒక ఊరు కట్టడములచేత మాత్రమే ఊరు కాదు. ఏ చెరువు ఏ యేట గండిపడెనో, ఏ కాలువ ఎవరి పొలము మీదుగా పారెనో, తుపాను వచ్చిన రాత్రి ఎవరి యింట ఎందరు తల దాచుకొనిరో ఎరిగినవారు ఆ యూర నిలిచియుండుటచేతనే అది ఊరగుచున్నది. రహదారి వెడల్పు చేయుటకు ప్రభుత్వము వెచ్చించు ధనముతో పోల్చినచో, అట్టివారిని వారి యింటనే నిలుపుకొనుటకు అగు వ్యయము స్వల్పము. అభివృద్ధి మా యూరికి రావలెనని వెంకటాచలము కోరుకొన్నది, అది వచ్చినది. దాని వెలను, దానిచేత లాభించినవారు చెల్లింపవలెను గాని, అది వచ్చుటకు ముందునుండియు అచ్చట దీపము పెట్టినవారు చెల్లింపరాదు. ఈ న్యాయమును శాసనముగా వ్రాయుటకు మన శాసనసభకు గాని, మన పంచాయతీలకు గాని శక్తి చాలకపోలేదు, కావలసినది సంకల్పము.